ఉదయ వ్యాయామ సంఘం, కర్నూలు: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఎక్కువమంది అడిగింది ఒకటే. కొత్తగా చేరినవాళ్లు నెల తిరక్కముందే ఎందుకు మానేస్తున్నారు? ఈ ఏడాది మన పనంతా దాని చుట్టే తిరిగింది.

మనం చేసేది టబాటా పద్ధతి. 20 సెకన్లు ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి కసరత్తు చేయడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఎనిమిది సార్లు. జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా బృందం 1996లో ప్రచురించిన పరిశోధనతో దీనికి పేరొచ్చింది. నాలుగు నిమిషాలే కానీ, మాట పెగలనంత ఆయాసంలో ఎవరికీ హాయిగా ఉండదు. ఆపిన కాసేపటికే ఒళ్లు తేలికపడుతుంది. కొత్తవాళ్లు ఆ హాయి తెలియకముందే వెళ్లిపోతున్నారని మాకు ఆలస్యంగా అర్థమైంది. అందుకే మొదటి మూడు వారాలు ఎవరి వేగం వాళ్లదే అన్నాం. ఎవరినీ కసరొద్దని కోచ్‌ గారికి చెప్పాం. తర్వాత జంటలు కట్టాం.

జంటల ఆలోచన పాతదే. 1920లలో ఒట్టో కోలర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త బెర్లిన్ పడవ పందేల క్లబ్బు వాళ్లతో బరువులెత్తించి చూశారు. జతగా ఎత్తితే బలం తక్కువున్నవాడు ఒంటరిగా ఎత్తినప్పటికన్నా గట్టిగా ప్రయత్నించాడు. ఇద్దరి మధ్య తేడా మరీ ఎక్కువైతే మాత్రం ఆ ఊపు రాదు. అందుకే మేమూ మరీ పెద్ద తేడా లేనివాళ్లనే కలిపాం. ఒక రోజు ఆరోసారి పూర్తయ్యాక రిటైర్డ్ టీచరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయారు. పక్కనున్న కిరాణా కొట్టు అక్క "టీచరమ్మా, ఇంక రెండే, నాతో పాటు రాండి" అంది. ఎనిమిదీ పూర్తయ్యాయి. ఆ పొద్దున టీచరమ్మ ముఖం నేను మర్చిపోలేను.

డిసెంబరులో ఒక ఆదివారం కొండారెడ్డి బురుజు దగ్గర అందరి ముందూ చేసి చూపించాం. దారిన పోయే ఆటో అన్నలు చెప్పులు విడిచి మనతో కలిశారు. తర్వాత అందరం కూర్చుని ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఇంత మంచి రోజు మన సంఘానికి ఇదివరకు రాలేదు.

ఇక బాధ. మైదానంలో లైట్ల కోసం సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు అర్జీ పెట్టాం. చూస్తామన్నారు, చూడలేదు. చలికాలం చీకట్లో మహిళా సభ్యులు ఎలా రావాలి? చాపలు పరిచే వాలంటీర్లలోనూ చాలామంది పేరిచ్చి కనబడలేదు. ఎండలు ముదిరాక అన్నీ ఇద్దరే మోశారు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. చాపలు, స్పీకరు, కోచ్ గౌరవ వేతనం పోను కొంత మిగిలింది.

కోచ్ గారికి, బీపీ చూసిన డాక్టర్ సభ్యులకు, ఉదయాన్నే రాగి అంబలి తెచ్చిన మహిళా బ్యాచ్‌కు, చాపలు మోసిన ఆ ఇద్దరికీ కృతజ్ఞతలు.

కొత్త ఏడాదికి వాలంటీర్ల పేర్లు సమావేశంలోనే రాసుకుంటాం. పొద్దున ఐదుంబావుకు గేటు తీయగలిగినవాళ్లు మాత్రమే ఇవ్వండి.

కార్యదర్శి