చర్లపల్లి నుంచి వచ్చాక నన్ను ఆదుకున్నవాళ్లకి

2024 జులైలో ప్రభుత్వ క్షమాభిక్ష మీద తెలంగాణ జైళ్ల నుంచి 213 మంది ఖైదీలు విడుదలయ్యారు. అందులో చర్లపల్లి జైలు నుంచి వచ్చిన నేనొకణ్ణి. విడుదల రోజు సంగతులు అందరూ అడుగుతారు, ఆ తర్వాత ఎట్లా ఉన్నావని అడిగినవాళ్లు తక్కువ. ఈ పోస్టు ఆ తక్కువమంది కోసం.

ముందు అక్కకీ బావకీ. వచ్చిన కొత్తలో సాయంత్రమైతే చాలు, నాకు గుండెదడ. లోపల ఆ వేళకి లెక్కపెట్టి బ్యారక్‌కి తాళం వేస్తారు. ఇంట్లో వేసేవాళ్లు లేకపోయినా నా అంతట నేనే గదిలోకి పోయి కూచునేవాణ్ణి. బ్యారక్‌లో రాత్రంతా లైటు ఉంటుంది కాబట్టి చీకట్లో నిద్ర పట్టేది కాదు. కరెంటు బిల్లు గురించి అక్క ఒక్క మాట అనలేదు. మూసిన తలుపు ముందు, ఎవరో వచ్చి తీస్తారన్నట్టు నిలబడిపోతుంటే మేనకోడలికి నవ్వొచ్చింది. బావ కళ్లతోనే ఆపాడు. బావా, ఆపకపోయినా బాగుండేది. ఇప్పుడు దానికి అందరం నవ్వుకుంటున్నాం.

న్యాయ సేవాధికార సంస్థ తరఫున జైలుకి వచ్చే వాలంటీర్ మేడమ్ నాకు టెలీ మానస్ (మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్) నంబరు 14416 ఇచ్చారు. ఫ్రీ, రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు. అక్కడి కౌన్సెలర్ నా టెన్షనంతా విని, ఇంటికి ఏ కూర తేవాలో రోజూ మీరే తేల్చండి అన్నారు. ఇదేం వైద్యం అనుకున్నా. తిండి, బట్ట, నిద్ర వేళ అన్నీ ఏళ్ల తరబడి వేరేవాళ్లు నిర్ణయించినవాడికి కూరగాయల బండి ముందు చెమటలు పడతాయి. చాలా రోజులు బెండకాయలే తెచ్చాను. పాపం, అక్క అవే వండింది.

జైళ్ల శాఖ పెట్రోల్ బంకులో పని దొరికింది. నేను లోపలికి వెళ్లేనాటికి యూపీఐ లేదు, వెయ్యి నోటు చెల్లేది. "కొట్టేశా అన్నా" అని జనం ఫోన్ చూపించి వెళ్లిపోతుంటే, డబ్బు పడిందో లేదో తెలియక చేతులు వణికేవి. నా షిఫ్టులో కుర్రాడు విసుక్కోకుండా అంతా నేర్పాడు. అక్కడ నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు, ఎందుకు పోయావని ఎవరూ అడగరు. మా ఊళ్లో ఇప్పటికీ అదొక్కటే అడుగుతారు.

నాతోపాటు బయటికొచ్చినవాళ్లు ఇది చదివితే మొహమాటపడకుండా ఆ నంబరుకి చేయండి. షిఫ్టు అయ్యాక బంకు దగ్గరికొచ్చినా సరే. టీ నేనే తాగిస్తా, ఫోన్‌పేతో.