సాఫ్ట్‌వేర్ కంటే ముందు సరుకుల పేర్లు

సంపాదకులకు నమస్కారం.

చిన్న షాపులు కూడా కంప్యూటర్ బిల్లింగ్‌కి మారాలని బిజినెస్ పేజీల్లో తరచూ చదువుతున్నాం, మారినవాళ్లు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో కూడా కాస్త రాయండి. నాది నరసరావుపేటలో హార్డ్‌వేర్ షాపు. మూడేళ్ల కిందట ట్యాలీ అనే బిల్లింగ్, లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టించాం. పెట్టినాయన ఒక్క పూట కూర్చుని బిల్లు ఎలా కొట్టాలో చూపించి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కౌంటర్లో ఎవరుంటే వాళ్లకు తోచిన పేరుతో సరుకు ఎక్కించేశాం. పైపు మలుపు దగ్గర వేసే ఒకే ముక్కని నేను హాఫ్ ఇంచ్ ఎల్బో అని, మా అబ్బాయి ఎల్బో హాఫ్ అని, గుమస్తా అరంగుళం ఎల్బో అని. కొన్నది ఒక పేరు కింద, అమ్మింది ఇంకో పేరు కింద పడి, కంప్యూటర్లో ఒకటి మైనస్‌లోకి పోతే ఇంకోటి గుట్టలుగా కనిపించేది.

2025 సెప్టెంబర్ 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, మా దగ్గర ఒకే సిమెంటు రెండు పేర్లతో ఉంటే ఒకదానికే రేటు మార్చాం. ఏళ్లుగా మా దగ్గరే కొనే మేస్త్రి పాత రేటుతో పడిన బిల్లు పట్టుకుని వెనక్కి వచ్చాడు. డబ్బు వెంటనే ఇచ్చేశాను గానీ, మోసం చేశామనుకున్నాడేమోనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ ఆదివారం షాపు మూసి పేర్లన్నీ సరిచేశాం. ముందు కంపెనీ, తర్వాత సరుకు, చివర సైజు. కొత్త పేరు చేర్చడం ఇప్పుడు మా అబ్బాయి ఒక్కడి పనే. ట్యాలీలో ఒక సరుకుకి అలియాస్ అని రెండో పేరు కూడా ఇవ్వొచ్చు, గుమస్తా అరంగుళం అని కొట్టినా అదే ఎల్బో వస్తుంది, ఇన్నాళ్లూ ఈ సంగతి మాకు చెప్పినవాళ్లు లేరు. లోడు దిగాక సరుకు ర్యాక్ ఎక్కేలోపే ఎంట్రీ పడాలి. లెక్కింపు కూడా మార్చి నెలాఖరుదాకా ఆపకుండా రోజూ సాయంత్రం ఒక్క ర్యాక్ చూస్తున్నాం, పావుగంట పని. మేస్త్రీల అప్పు ఖాతాలు ఇంకా పుస్తకంలోనే ఉన్నాయి, వాటి పని తర్వాత.

సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకి నా విన్నపం, బిల్లు కొట్టడం మేమెలాగో నేర్చుకుంటాం, మొదటిరోజు మాతో కూర్చుని పేర్ల జాబితా రాయించండి. మీరు కూడా ఇలాంటి సంగతులు వారానికొకటి తెలుగులో వివరంగా వేస్తే మాలాంటి షాపులవాళ్లు కత్తిరించి కౌంటర్ దగ్గర అంటించుకుంటారు.

– ఒక హార్డ్‌వేర్ వ్యాపారి, నరసరావుపేట