సొంతంగా కట్టిన విమానాలకు స్టాల్ పరీక్ష తప్పనిసరి చేయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

సొంతంగా విమానం తయారుచేసిన యువకుల గురించి మన పత్రికల్లో అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. ఇంజిన్ ఎక్కడిది, ఎంత ఖర్చయింది, ఎన్నేళ్లు కష్టపడ్డారు అన్నీ రాస్తారు. చదివితే నిజంగా గర్వంగా ఉంటుంది. కానీ ఆ విమానం ఎంత వేగం దగ్గర స్టాల్ అవుతుంది, అప్పుడు ముక్కు తిన్నగా దిగుతుందా లేక ఒక రెక్క పక్కకు పడిపోతుందా అని ఎవరూ అడగరు. ఈ ప్రశ్న మీ విలేకరులు అడగాలి, విమానాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ అధికారులు అంతకంటే గట్టిగా అడగాలి.

స్టాల్ అంటే ఇంజిన్ ఆగిపోవడం అని చాలామంది అనుకుంటారు. ఇంజిన్ ఆగినా విమానం గాలిలో జారుతూ కొంత దూరం పోయి దిగగలదు. రెక్కకూ ఎదురొచ్చే గాలికీ మధ్య కోణం సుమారు 15 డిగ్రీలు దాటితే రెక్క మీది గాలి చెదిరిపోయి, విమానాన్ని మోసే బలం ఒక్కసారిగా పడిపోతుంది. అదీ స్టాల్. ఒక రెక్క ముందుగా స్టాల్ అయితే విమానం అటు ఒరిగి, గిరగిరా తిరుగుతూ పడుతుంది. అది స్పిన్.

దిగేముందు రన్‌వేకి ఎదురుగా రావడానికి తిప్పే చివరి మలుపు ఇందుకు పేరుమోసిన చోటు. మలుపు కాస్త ఆలస్యమై రన్‌వే వరస దాటిపోతే టెన్షన్ మొదలవుతుంది. ఇంకా ఒరిగితే ప్రమాదమని భయపడి పైలట్ రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పెడల్ తొక్కి ముక్కును తిప్పుతాడు. ముక్కు కిందికి పోతుంటే దాన్ని పైకెత్తడానికి స్టిక్ (చేతితో పట్టే కంట్రోల్ కర్ర) వెనక్కి లాగుతాడు. తిన్నగా ఎగిరేటప్పుడు గంటకు 80 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అయ్యే విమానం, ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీలు ఒరిగి తిరిగితే 95 దగ్గరే స్టాల్ అవుతుంది. 60 డిగ్రీలైతే 113 దగ్గరే. స్పీడు మీటరు ఈ సంగతి చెప్పదు. అప్పటికి నేల కొన్ని వందల అడుగుల దూరంలోనే ఉంటుంది. స్పిన్ నుంచి బయటపడే పద్ధతి బాగా తెలిసినవారికి కూడా ఆ ఎత్తు చాలకపోవచ్చు.

సొంతంగా కట్టిన విమానాలు విరివిగా ఉన్న అమెరికాలో, ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లో వీటి మీద ప్రత్యేక నివేదిక ఇచ్చింది. 2011లో అక్కడి చిన్న విమానాల్లో వీటి వాటా దాదాపు 10 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో మాత్రం 21 శాతం. గాలిలో అదుపు తప్పడం ముఖ్య కారణాల్లో ఒకటి. ఆ ఏడాది వీటికి జరిగిన ప్రమాదాల్లో సగానికి పైగా సెకండ్‌హ్యాండ్‌లో కొన్న విమానాలవే. గాయకుడు జాన్ డెన్వర్ 1997లో అలా కొన్న లాంగ్-ఈజీ విమానంలోనే చనిపోయారు. స్టాల్ విషయంలో అది మంచి పేరున్న డిజైన్. ముందున్న చిన్న రెక్క మొదట స్టాల్ అయి, ముక్కు దానంతటదే దిగుతుంది. కానీ కట్టినవారు ఇంధనం వాల్వును పైలట్ ఎడమ భుజం వెనక పెట్టారు. దాన్ని తిప్పబోయినప్పుడు కాలు రడ్డర్‌ను నొక్కి విమానం అదుపు తప్పిందని దర్యాప్తులో తేలింది. అసలు డిజైన్ ఎంత గొప్పదైనా, ఇంట్లో ఏం మార్చారో చూడకుండా అనుమతి ఇవ్వకూడదు.

రెక్కల చివరి భాగంలో ముందు అంచును కాస్త కిందికి వంచితే స్పిన్‌లోకి జారే గుణం బాగా తగ్గుతుందని నాసా ఎప్పుడో పరీక్షించి చూపింది. సిర్రస్ విమానాల రెక్కల్లో ఆ పద్ధతే ఉంది. అయితే ఫొటో చూసి అలా వంచేస్తే సరిపోదు, దానికి మళ్లీ పరీక్షలు కావాలి. ఇంట్లో కట్టేవారికి అంతకంటే సులువైనది గాలి కోణాన్ని నేరుగా చూపే మీటరు. చిన్న విమానాల్లో దీన్ని అమర్చుకోవడానికి అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2014లోనే అనుమతుల ప్రక్రియను సరళం చేసింది. నన్నడిగితే మెరిసే రంగులకన్నా, ఖరీదైన సీట్లకన్నా ముందు డబ్బు పెట్టాల్సింది దీనిమీద.

ఇదంతా అతి జాగ్రత్త అనుకునేవారు ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ శిక్షణ విమానం సితార సంగతి చూడాలి. 2003లో మొదటిసారి ఎగిరిన ఆ విమానం స్పిన్ లక్షణాలు సరిగా లేక, తోక భాగాన్ని మార్చుకుని, 2022 జనవరికి గానీ రెండు వైపులా ఆరు చుట్ల స్పిన్ పరీక్ష నెగ్గలేదు. అంత పెద్ద సంస్థకే అంత కాలం పట్టింది.

అనుమతులు ఇంకా కష్టం చేయమని నేను అడగడం లేదు. ముంబైలో మేడ మీద విమానం కట్టిన అమోల్ యాదవ్ 2017లో రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ఎంత తిరిగారో అందరికీ తెలుసు. కాగితాలు తగ్గించండి, గాలిలో పరీక్ష పెంచండి. సొంత విమానం తొలిసారి ఎగరేసే వ్యక్తి అంతకుముందే, స్పిన్‌కు అనుమతి ఉన్న శిక్షణ విమానంలో బోధకుడి పక్కన కూర్చుని స్టాల్, స్పిన్ నేర్చుకుని ఉండాలి. సొంత విమానంలో స్పిన్ ప్రయోగాలు చేయకూడదు. దాని స్టాల్‌ను మాత్రం తగినంత ఎత్తులో, ఒరిగినప్పుడు ఒరగనప్పుడు, బరువు ముందున్నప్పుడు వెనకున్నప్పుడు విడివిడిగా పరీక్షించి, వచ్చిన వేగాలు కాక్‌పిట్‌లో రాసిపెట్టాలి. విమానం అమ్మితే ఆ రికార్డు కొన్నవారి చేతికి చేరాలి. అది లేకుండా డీజీసీఏ విమానాన్ని కొత్త యజమాని పేరుకు మార్చకూడదు.

— విశ్రాంత ఏరోనాటికల్ ఇంజినీర్, సికింద్రాబాద్