ప్రయోగ దశలోని మందు గురించి రాసేటప్పుడు

సంపాదకులకు నమస్కారం.

హెపటైటిస్‌ సి వైరస్‌పై ప్రయోగ దశలో ఉన్న ఒక మందును ‘కాలేయ రోగులకు వరం’గా పేర్కొంటూ ఇటీవల మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. ఆ మందు ఎన్నో దశ పరీక్షల్లో ఉందో, ఎంతమందికి ఇచ్చి చూశారో, వైరస్‌ పోయిందని ఎప్పుడు నిర్ధారించారో అందులో లేదు. మా అన్నయ్య ఇంటర్‌ఫెరాన్‌ ఇంజక్షన్లతో, రిబావిరిన్‌ మాత్రలతో 48 వారాల పాటు జ్వరాన్నీ నీరసాన్నీ భరించినా వైరస్‌ తిరగబెట్టడం కళ్లారా చూసినవాణ్ణి కనుక, ఇలాంటి వార్త రోగి ఇంట్లో ఎంత ఆశ రేపుతుందో నాకు తెలుసు.

వైరస్‌ వృద్ధి చెందడానికి అవసరమైన పాలిమరేజ్‌ అనే ఎంజైమును అడ్డుకునే మందులలో సోఫోస్‌బువిర్‌ 2013 డిసెంబరులో అమెరికాలో ఆమోదం పొంది చికిత్స తీరునే మార్చివేసింది. అదే ఎంజైముపై పనిచేసేలా రూపొందిన బిఎంఎస్‌-986094 అనే మందు మాత్రం, పరీక్షలలో పాల్గొన్న ఒక రోగి గుండె విఫలమై మరణించడంతో, 2012 ఆగస్టులోనే ఆగిపోయింది. అంతకుముందు బిఐఎల్‌ఎన్‌ 2061 అనే మందు రెండు రోజులకే రక్తంలో వైరస్‌ను గణనీయంగా తగ్గించినా, కోతుల గుండెకు హాని చేస్తున్నట్టు తేలడంతో దాన్నీ పక్కన పెట్టారు. వైరస్‌ తగ్గడం ఒకటి, మనిషికి మేలు జరగడం మరొకటి అని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణలు ఉండవు.

వ్యాధి నయమైందని వైద్యులు అనేది మందు వాడుతుండగా కాదు. మందు ఆపిన 12 వారాల తర్వాత కూడా రక్తంలో వైరస్‌ కనిపించకపోతేనే. మీ వార్తలోని ‘నెలలో వైరస్‌ మాయం’ అన్న మాట ఆ గడువును పట్టించుకోలేదు.

ఇప్పటికే అందుబాటులో ఉన్న మాత్రలు ఎక్కువమందిలో 12 వారాల కోర్సుతో వైరస్‌ను తొలగిస్తున్నాయి. ఆ చికిత్సకు లొంగనివారి కోసం కొత్త మందులు రావాలని నేనూ కోరుకుంటున్నాను. కానీ రాబోయే మందు కోసం ఎవరైనా నేటి చికిత్సను వాయిదా వేసుకుంటే, ఈలోగా కాలేయం గట్టిపడి సిర్రోసిస్‌కు దారితీయవచ్చు. ఈ హెచ్చరిక ఒక్క వాక్యంగానైనా ఆ వార్తలో ఉండవలసింది.

ఆ మందు తుది ఫలితాలు వెలువడినప్పుడు, అవి అనుకూలమైనా ప్రతికూలమైనా, అదే పేజీలో అంతే ప్రాధాన్యంతో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు