మా క్వారీకి కొత్త మేనేజరమ్మ

ఒరేయ్ శీనూ,

చీమకుర్తి ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు, నల్లరాయి మీద కాలు పెట్టలేకపోతున్నాం. ఇక్కడ అసలు విశేషం వేరే. మా క్వారీకి మేనేజర్‌గా ఆడమనిషి వచ్చింది.

మొదట్లో అందరూ ‘మేడమ్, మేడమ్’ అంటూ తలూపేవాళ్లు. పక్కకెళ్లి ఓనర్‌కి ఫోన్ చేసి "అట్టాగే చేయమంటారా సార్" అని అడిగేవాళ్లు. దానికంటే ఎదురు తిరిగినా నయం. పైగా మన దగ్గర పనుల లెక్కలన్నీ రాత్రి ఒంగోల్లో మందు సిట్టింగ్‌లోనే తేలిపోతాయి కదా, ఆమెనక్కడికి ఎవడు పిలుస్తాడు?

వైర్ సా చూశావుగా, డైమండ్ పూసలు గుచ్చిన తీగ గిర్రున తిరుగుతూ బండని కోస్తుంది. తెగిందంటే పూసలు తూటాల్లా వస్తాయి. అయినా మనోళ్లు సరిగ్గా దాని వరసలోనే నిలబడి బీడీ కాలుస్తారు. మొన్న ఆమె మిషన్ ఆపించేసింది. "ఎప్పటినుంచో ఇట్టాగే కోస్తున్నాం మేడమ్, ఏం కాలా" అన్నాడు మేస్త్రి. ఆమె గొంతు పెంచలేదు. పూసలకి అడ్డంగా పెట్టే గార్డు బిగించి, అందరూ పక్కకి జరిగేదాకా స్విచ్ దగ్గర నుంచి కదల్లేదు. ఓనర్ ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టి, "రేపు ఏదన్నా జరిగితే ఆఫీసర్ల ముందు నిలబడాల్సింది నేను సార్" అంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే పనంతా బోర్డు మీద రాస్తోంది. రాత్రి సిట్టింగ్ మాటలు చెల్లడం లేదు.

‘ఆడవాళ్లు ఈ లైన్‌లోకి రారు’ అంటే నాకు ఒళ్లు మండుతుందిరా. రానిచ్చిందెవరు? 1952 గనుల చట్టం వాళ్లని భూగర్భ గనుల్లోకి దిగనివ్వలేదు, నేల పైన ఉండే గనుల్లోనూ రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా వద్దంది. 2019లో గానీ సడలించలేదు. అప్పుడు కూడా వాళ్లు రాసిస్తేనే, షిఫ్టుకి కనీసం ముగ్గురుంటేనే అన్నారు. భూగర్భంలో అయితే పగలు మాత్రమే, సూపర్‌వైజర్, మేనేజర్ లాంటి పనులకే అన్నారు. గనిలో అనుభవం చూపిస్తేనే మేనేజర్ సర్టిఫికెట్ ఇస్తారు, దిగనివ్వకపోతే అనుభవం ఎక్కడి నుంచి తెస్తారు? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటానికి 1993లో సర్కారే సారా బంద్ చేసింది. క్వారీ నడపడం అంతకంటే కష్టమా?

ఇంత చేసినా ఆమెకి క్వారీలో బాత్రూమ్ లేదురా. ఎస్టిమేట్ నేనే వేశా, ఓనర్ సంతకం పెట్టట్లేదు. సోమవారం మళ్లీ ముందు పెడతా.

మీ పాప మైనింగ్ చదువుతానంటోందని రాశావు. అడ్డం పడకు. సెలవుల్లో తీసుకురా, మేడమ్‌తో మాట్లాడిద్దాం. వచ్చేటప్పుడు షూ వేసుకురమ్మను, చెప్పులతో లోపలికి రానివ్వదు.

నీ
రాఘవ