పసరు కరిగినచోట

ఒరేయ్ శీనూ,

నీ నవల మొదటి ఆరు అధ్యాయాలూ రెండు రాత్రుల్లో చదివేశాను. ఫోన్‌లో చెబితే సగంలోనే వాదనకు దిగుతావని ఉత్తరం రాస్తున్నా.

మొసళ్ల కందకం అదిరిందిరా. చిక్కంతా నీ మాంత్రికుడితోనే. ఒకటో అధ్యాయంలో గాల్లో ఎగిరాడు, రెండో దాంట్లో చచ్చినవాణ్ణి లేపాడు, నాలుగో దాంట్లో చెరువు ఎండగట్టాడు. అలాంటివాడు ఐదో దాంట్లో చెర తలుపు గడియ తీయలేక కూర్చున్నాడేంటి? అక్కడ వాడు ఖైదులో ఉండాలని నీకుంది, అంతే కదా!

నవ్వడం లేదులే. నేనూ ఈ గోతిలో పడ్డవాణ్ణే. నా ఉంగరం కథ 60 పేజీలు రాసి మా ఆవిడ చేతిలో పెడితే, "ఈ ఉంగరం ఉండగా వీడికి కష్టాలేంటండీ?" అంది. ఆ నోటుబుక్కు ఇప్పటికీ అటక మీదే ఉంది.

ఈమధ్య మనుచరిత్ర మళ్లీ తీశాను. బడిలో పద్యాలు బట్టీ పట్టాం కానీ, ఆ పసరు సంగతి అప్పుడు పట్టించుకోలేదు. సిద్ధుడు ప్రవరుడి పాదాలకు పూసిన పసరు చేసేది ఒక్కటే పని, కోరినచోటికి చేర్చడం. అది మంచునీళ్లకి కరిగిపోతుంది. ప్రవరుడు చూడాలని ఉబలాటపడిందేమో మంచుకొండనే! వాడి కోరికా, ఆ మందు బలహీనతా ఒకేచోట ఉన్నాయి చూడు. పసరు కరగకపోతే సాయంత్రానికి ఇల్లు చేరేవాడు, వరూధిని కంటపడేవాడే కాదు. చివరికి ఇంటికెలా వచ్చాడు? రోజూ వేల్చే అగ్నినే వేడుకుని. ఎరువు తెచ్చుకున్నది మధ్యలో వదిలేసింది, ఏళ్లతరబడి చేసుకున్నది గట్టెక్కించింది. పెద్దన ఇదంతా ఎక్కడా విడమర్చి చెప్పడు, అదీ నాకు నచ్చింది.

భారతంలో అశ్వత్థామ కూడా అంతే. అస్త్రం వేయడం వచ్చు, వెనక్కి తీసుకోవడం రాదు. అర్జునుడికి రెండూ వచ్చు. అంత చిన్న తేడా ఉత్తర గర్భం మీదికి వచ్చింది. నీ మాంత్రికుడికి కూడా ఏది చేతకాదో ముందు రాసిపెట్టుకో, ఏది చేతనవునో తర్వాత చూద్దాం. ప్రాణం తీసుకెళ్లి చిలకలో మాత్రం పెట్టకు బాబూ. ఆ చిలక ఇప్పటికే చాలా అలిసిపోయింది.

అసలు మగ్గాల ఇంట్లో పుట్టి మంత్రదండం ఎందుకురా నీకు? వాడు నేసిందే నిజమవుతుందనుకో. పడుగు ముందే సిద్ధం చేసుకోవాలి, పేక పోగుపోగుగా పడాలి, చీర పూర్తయ్యేదాకా మంత్రం పారదు. శత్రువు గుమ్మంలో ఉన్నా తొందరపడటానికి లేదు. మధ్యలో పోగు తెగితే? అది నాకు తెలీదు, మీ నాన్నగారిని అడగాలి నువ్వు. పైగా నీ ఐదో అధ్యాయం గొడవ కూడా తీరిపోతుంది. చెరలో గుంట మగ్గం ఎక్కడుంటుంది?

అడిగాక వెంటనే రాయి. అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
రాము