శనివారం కొత్త బార్‌కి వెళ్దాం

శనివారం సాయంత్రం 7 గంటలకి ఆ కొత్త బార్ అండ్ రెస్టారెంట్‌కి వెళ్తున్నాం రా, ఖాయం. నిన్న లోపలికెళ్లి చూసొచ్చాను. కిటికీ పక్కన పొడవాటి చెక్క టేబుల్ ఉంది, ఎనిమిది మందిమి హాయిగా పడతాం. పాటల సౌండ్ మరీ ఎక్కువ లేదు, అరవకుండా మాట్లాడుకోవచ్చు. నాకు అదే బాగా నచ్చింది, మనందరం కూర్చుని కబుర్లు చెప్పుకుని ఎన్నాళ్లయిందో!

తిండి ముందు ఆర్డర్ చేద్దాం. ఖాళీ కడుపుతో తాగితే ఆల్కహాల్ త్వరగా రక్తంలో కలుస్తుంది. కాఫీ తాగితే మత్తు దిగుతుందనేది మాత్రం నమ్మకండి, దానికి టైమ్ పట్టాల్సిందే. బండ్లు ఇంట్లోనే వదిలేసి క్యాబ్‌లో రండి. తాగనివాళ్లని ఎవరూ బలవంతం చేయొద్దు, మందు బిల్లు వాళ్ల మీద వేయొద్దు.

ఎవరెవరు వస్తున్నారో రేపు రాత్రిలోగా చెప్పండి, టేబుల్ బుక్ చేయాలి.